వయోజన విద్యకు దారి వేసిన దుర్గాబాయి గారు

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుల జీవితం గురించి వ్రాయమని సంపాదక వర్గం వారు కోరినప్పుడు నాకు మొదట తోచిన పేరు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. స్వాతంత్ర్య సమరయోధురాలిగా, రాజ్యాంగ సభ సభ్యురాలిగా, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలిగా ఆమెను ఎరగని తెలుగువారు అరుదు. కానీ ఉద్యోగ జీవితమంతా ఖజానా శాఖలో బిల్లులు పాస్ చేసిన నాబోటి వాడికి ఆమెలో మరో గొప్పదనం కనిపిస్తుంది. చదువు మానేసిన పెద్దవాళ్లను మళ్లీ పలక ముందు కూర్చోబెట్టాలంటే జాలి, ఉత్సాహం చాలవు. వేళకు అందే డబ్బు కావాలి. ఆ డబ్బుకు లెక్క చెప్పే నమ్మకమైన మనిషి ఊళ్లో ఉండాలి. ఈ రెండింటినీ కలిపే దారి ఒకటి ప్రభుత్వంలో వేసిన వారు దుర్గాబాయి గారు. ఆ సంగతి మన సభ్యులకు, వారి పిల్లలకు మరోసారి గుర్తు చేయాలని ఈ ప్రయత్నం.

బాల్యం, జైలు

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదవ ఏటనే పెళ్లి చేశారు. బుద్ధి తెలిసిన తర్వాత ఆ వివాహబంధం నుంచి ఆమె తానే తప్పుకున్నారు. ఆ రోజుల్లో అది ఎంత సాహసమో మన తరం వారికి వేరే చెప్పనక్కరలేదు. బడిలో ఇంగ్లీషు మాధ్యమం రుద్దడం నచ్చక చదువు మానేశారు. ఊరుకోక, తాను నేర్చుకున్న హిందీని తోటి ఆడపిల్లలకు చెప్పడానికి రాజమండ్రిలో బాలికా హిందీ పాఠశాల ప్రారంభించారు. అంటే ఆమె బడి విడిచిన పిల్ల, బడి పెట్టిన పిల్ల కూడా.

1923 కాకినాడ కాంగ్రెసు సభల నాటి ముచ్చట చాలామందికి తెలిసినదే. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడిన ఈ పద్నాలుగేళ్ల బాలిక, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ గారినే ఆపేసింది. నిర్వాహకులు టిక్కెట్టు కొని ఇచ్చాకనే లోపలికి వదిలింది. దీన్ని మనం వేడుకగా చెప్పుకుంటాం గానీ, ప్రజల డబ్బు విషయంలో ఆమె తర్వాతి జీవితమంతా ఈ ముచ్చటలోనే ఉంది. ఎంతటి వారైనా నియమం నియమమే.

1930 ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో పాల్గొని అరెస్టయ్యారు. 1933 లోపు మూడుసార్లు జైలుకు వెళ్లారు. మదురై జైలులో ఏడాది పాటు ఒంటరి నిర్బంధం అనుభవించారు. అక్కడే హత్యానేరాలపై శిక్ష పడిన నిరుపేద ఆడవాళ్లను చూశారు. తమపై మోపిన అభియోగం ఏమిటో, తమ తరఫున ఏం చెప్పుకోవాలో కూడా తెలియని అభాగినులు వాళ్లు. చదువు రానివాళ్లకు కోర్టు ఒక అడవి. బయటికి వెళ్లాక న్యాయశాస్త్రం చదివి ఇటువంటి వారికి అండగా నిలవాలని ఆమె నిశ్చయించుకున్నది ఆ జైలు గోడల మధ్యనే.

ఆలస్యంగా మొదలైన చదువు

లా చదవాలంటే ముందు మెట్రిక్ కావాలి. పాతికేళ్ల వయసులో, చిన్నప్పుడు వదిలేసిన లెక్కలు, ఇంగ్లీషు మళ్లీ మొదటి నుంచి పట్టుకుని, ప్రైవేటుగా బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కూర్చుని గెలిచారు. తర్వాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరదామంటే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, హాస్టలు లేక ఆగిపోయిన అమ్మాయిలను కూడగట్టి, తామే ఒక హాస్టలు నడుపుకుంటూ చదువుకున్నారు. రాజనీతి శాస్త్రంలో ఆనర్సు పూర్తిచేసి, మద్రాసులో న్యాయశాస్త్రం ముగించి, న్యాయవాద వృత్తి చేపట్టారు.

తాను పడ్డ కష్టం మరొకరు పడకూడదని మద్రాసు మైలాపూరులో చుట్టుపక్కల ఆడవాళ్లకు బెనారస్ మెట్రిక్ పరీక్షకు పాఠాలు చెప్పడం ప్రారంభించారు. చిన్నపిల్లల సంఘంగా మొదలైన ఆ కూటమే 1937 ప్రాంతంలో ఆంధ్ర మహిళా సభ అయింది. వితంతువులు, భర్త వదిలేసిన వారు, పెళ్లితో చదువు ఆగిన వారు అక్కడికి వచ్చారు. వాళ్లు బుద్ధిలేక చదువు మానినవారు కారు. వాళ్లకు రెండో అవకాశం ఇచ్చే బడులు దేశంలో చాలా అరుదు, అంతే. పిల్లల బడిలో కూర్చోబెడితే పదేళ్లు పడుతుంది. పెద్దవాళ్ల బుద్ధికి, అవసరానికి తగ్గట్టు చెబితే రెండేళ్లలో పరీక్షకు తయారవుతారు. ఇది ఆమె పుస్తకంలో చదివిన సిద్ధాంతం కాదు, తన మీద తాను చేసి చూసిన ప్రయోగం.

ఢిల్లీలో నాలుగు కోట్లు

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఏకైక మహిళ ఆమె. 1952 సార్వత్రిక ఎన్నికల్లో రాజమండ్రిలో ఓడిపోయారు. అయినా నెహ్రూ గారు ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకుని సాంఘిక సేవల విషయం అప్పగించారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారితో ఆమె వివాహం జరిగింది.

అప్పటి దేశ పరిస్థితి చూడండి. 1951 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యులు నూటికి 18 మంది. ఆడవాళ్లలో అయితే నూటికి 9 మంది లోపే. ప్రభుత్వానికి ఊరూరా సిబ్బంది లేరు. సేవ చేసే స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి గానీ వాటికి డబ్బు లేదు. ఎవరో ఒక దాత ఇచ్చిన సంవత్సరం నడిచేవి, ఇవ్వని సంవత్సరం మూతపడేవి. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయానికి 4 కోట్ల రూపాయలు ప్రత్యేకించారు. ఆ సొమ్మును పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దుర్గాబాయి గారే తొలి అధ్యక్షురాలు.

ఆ బోర్డు నిర్మాణమే విశేషం. అది పూర్తిగా ప్రభుత్వ శాఖ కాదు, పూర్తిగా ప్రైవేటు సంఘమూ కాదు. అనుభవం గల సంఘసేవకులు, ఆర్థిక, విద్య, ఆరోగ్య శాఖల ప్రతినిధులు ఒకే బల్ల చుట్టూ కూర్చునేవారు. 1954 నుంచి రాష్ట్రాల్లోనూ బోర్డులు వెలిశాయి. సంస్థ దరఖాస్తు పెట్టుకోవాలి. రాష్ట్ర బోర్డు వారు వెళ్లి చూసి సిఫార్సు చేయాలి. గ్రాంటు వాయిదాలుగా విడుదలవుతుంది. సంస్థ కూడా తన వాటాగా కొంత సమకూర్చాలి. ఖర్చయ్యాక ఆడిట్ చేయించిన లెక్కలు, వినియోగ ధృవపత్రం పంపితేనే తర్వాతి వాయిదా. ఈ పద్ధతి ఆడిట్‌లోనూ ట్రెజరీలోనూ పనిచేసిన మన సభ్యులకు కొట్టిన పిండి. కానీ ఆ రోజుల్లో చిన్న ఊరి మహిళా మండలికి ఢిల్లీ సొమ్ము నేరుగా చేరడం కొత్త విషయం.

ఇందులో ఒక లోపం ఉందని త్వరలోనే తెలిసింది. సంస్థ ఉన్న చోటికే గ్రాంటు వెళుతుంది. పట్టణాల్లో సంస్థలు ఎక్కువ, పల్లెల్లో లేనే లేవు. అందుకని 1954లో సంక్షేమ విస్తరణ పథకాలు మొదలుపెట్టారు. సుమారు పాతిక గ్రామాలను ఒక జట్టుగా తీసుకుని, గ్రామసేవిక, మంత్రసాని, చేతిపనుల బోధకురాలు వంటి వారిని నియమించి, బాలవాడి, ప్రసూతి సేవలతో పాటు ఆడవాళ్లకు అక్షరాలు నేర్పించారు. అయినా నమ్మకంగా నడిపే స్థానిక మనిషి దొరకని చోట ఈ పథకం కూడా కుంటుతూనే నడిచింది. డబ్బు పంపడం తేలిక, మనిషిని పంపడం కష్టం.

రెండేళ్ల కోర్సు

1958లో ఆమె చేసిన పని నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. మైలాపూరులో తాను చేసి చూసిన ప్రయోగాన్ని దేశమంతటికీ పథకంగా మార్చారు. అదే కండెన్స్‌డ్ కోర్సు. చిన్నప్పుడు కొంత చదివి మానేసిన వయోజన స్త్రీలను పాతికమందికి అటూ ఇటూగా ఒక బ్యాచిగా చేర్చి, రెండేళ్లలో మిడిల్ లేదా మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం దాని ఉద్దేశం. టీచర్ల జీతాలు, పుస్తకాలు, హాస్టల్లో ఉండేవారి భోజనం ఖర్చు గ్రాంటులోనే ఇమిడి ఉండేవి. తిండి ఖర్చు కూడా చేర్చడంలోనే ఆమె అనుభవం కనిపిస్తుంది. పుట్టింటికో అత్తింటికో బరువుగా ఉన్న ఆడమనిషి, తన ముద్ద ఎక్కడిదో తేలకుండా చదువుకు రాలేదు.

ఇందులో ఒక లెక్క కూడా ఉంది. అప్పుడు పల్లెలకు పంతులమ్మలు, నర్సులు, గ్రామసేవికలు వేల సంఖ్యలో కావాలి. అర్హత గల స్త్రీలు లేరు. ఈ కోర్సు ముగించిన వారు ఆ శిక్షణలకు అర్హులయ్యారు. కాబట్టి ఒక నిరాధారమైన స్త్రీ మీద ప్రభుత్వం పెట్టిన రెండేళ్ల ఖర్చు, ముప్పై ఏళ్ల ఉద్యోగంగా దేశానికి తిరిగి వచ్చింది. మా మేనత్త అలా చదివిన వారిలో ఒకరు. ఇరవై రెండేళ్లకే పసుపు కుంకుమలు పోగొట్టుకుని, ఆ కోర్సులో మెట్రిక్ గట్టెక్కి, ప్రాథమిక పాఠశాల టీచరై, తమ్ముళ్లను చదివించి, పింఛను తీసుకుంటూ కన్నుమూసింది. ఆవిడ పింఛను పుస్తకం చూసినప్పుడల్లా నాకు దుర్గాబాయి గారే గుర్తుకు వస్తారు.

అదే 1958లో స్త్రీవిద్యపై ఏర్పాటైన జాతీయ సంఘానికి ఆమె అధ్యక్షత వహించారు. 1959లో ఇచ్చిన నివేదికలో స్త్రీవిద్యను ప్రత్యేక సమస్యగా గుర్తించి, దానికి వేరే నిధి, వేరే యంత్రాంగం ఉండాలని కోరారు. మామూలు విద్యా బడ్జెట్టులో కలిపేస్తే కోత పడేటప్పుడు మొదట పోయేది ఈ పద్దే అని ఆమెకు తెలుసు.

హైదరాబాదులో

తర్వాత ఆంధ్ర మహిళా సభ హైదరాబాదుకు విస్తరించింది. ఆసుపత్రి, మహిళా కళాశాలతో పాటు అక్షరాస్యతా భవనం కూడా వెలిసింది. వయోజనులకు వాచకాలు తయారుచేయడం, బోధకులకు శిక్షణ ఇవ్వడం దాని పని. అక్షరాస్యతా సేవకు నెహ్రూ పేర నెలకొల్పిన పురస్కారం, యునెస్కో పురస్కారం ఆమెకు లభించాయి. 1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న ఆమె పరమపదించారు.

ఆ తర్వాత

ఆమె చివరి రోజుల్లోనే, 1978 అక్టోబరు 2న, జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. 15 నుంచి 35 ఏళ్ల మధ్య వారు 10 కోట్ల మందికి అయిదేళ్లలో చదువు చెప్పాలన్నది లక్ష్యం. కేంద్రానికి 30 మంది, పది నెలల కోర్సు, బోధకునికి నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. నేను అప్పుడు ఒక జిల్లాలో జూనియర్ గుమాస్తాను. మొదటి వాయిదా వినియోగ పత్రం పై ఆఫీసు నుంచి రాలేదని రెండో వాయిదా నెలల తరబడి ఆగిపోయింది. ఒక బోధకురాలు మూడుసార్లు నడిచి వచ్చి అడిగింది. లాంతర్లకు కిరసనాయిలు అప్పు తెచ్చానని చెప్పింది. నియమం ప్రకారం నేను చేసింది సరైనదే. నాలుగోసారి ఆమె రాలేదు. కేంద్రం మూతపడిందని తర్వాత తెలిసింది. ఆ ముప్పైమందిలో ఎందరు మళ్లీ పలక పట్టారో దేవుడికెరుక. నియమం నియమమే అన్న దుర్గాబాయి గారు, తలుపు దగ్గర ఆపిన మనిషికి టిక్కెట్టు వచ్చేదాకా అక్కడే ఉన్నారు. నేను మాత్రం కిటికీ మూసేసి ఇంటికి వెళ్లాను. ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది.

1988లో జాతీయ సాక్షరతా మిషన్ వచ్చింది. జిల్లా కలెక్టర్ల ఆధ్వర్యంలో సమితులు ఏర్పడి, ఖర్చులో కేంద్రం రెండు పాళ్లు, రాష్ట్రం ఒక పాలు భరించాయి. బోధకులు జీతం లేని వాలంటీర్లు. మన నెల్లూరు జిల్లాలో ఆ ఉద్యమం ఎంత దూరం వెళ్లిందో అందరం చూశాం. రాత్రి బడిలో కలుసుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అక్షరం నేర్చినవాళ్లు ఊరుకోరు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఉద్యమం చల్లబడ్డాక కొత్తగా నేర్చినవారు చదవడానికి పుస్తకం, చెప్పడానికి మనిషి లేక చాలాచోట్ల మళ్లీ వేలిముద్రకే వచ్చారు.

2009లో వచ్చిన సాక్షర భారత్ 2018లో ముగిసింది. 2022లో మొదలైన కొత్త కార్యక్రమానికి అయిదేళ్లకు 1,037.90 కోట్ల రూపాయలు కేటాయించారు. ఇందులో 700 కోట్లు కేంద్రం వాటా. బోధన భారం మళ్లీ వాలంటీర్ల మీదనే ఉంచారు. దుర్గాబాయి గారు నిర్మించిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డును ఇటీవలి సంవత్సరాల్లో ప్రభుత్వం రద్దు చేసింది. 2011 లెక్కల్లో కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల అక్షరాస్యత నూటికి 59 మాత్రమే. అంటే ఆమె మొదలుపెట్టిన పని ఇంకా మిగిలే ఉంది.

మిత్రులారా, మనం నెల మొదట్లో బ్యాంకుకు వెళతాం. పక్కన ఎవరో ఒక పెద్దావిడ ఫారం పట్టుకుని, నింపిపెట్టమని అడగడానికి మొహమాటపడుతూ నిలబడి ఉంటుంది. కుటుంబ పింఛను తీసుకునే మన సహోద్యోగి భార్యే కావచ్చు. ఫారం నింపిపెట్టడం మంచిదే. వారానికి రెండు సాయంత్రాలు మన సంఘం గదిలో కూర్చోబెట్టి సంతకం నుంచి మొదలుపెట్టి నేర్పితే ఇంకా మంచిది. మనకు తీరిక ఉంది, గది ఉంది, నెలనెలా వేళకు అందే పింఛను ఉంది. లెక్కలు వ్రాయడం ఎలాగూ వచ్చు. దుర్గాబాయి గారిని స్మరించడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు తోచడం లేదు. ఆసక్తి గల సభ్యులు వచ్చే సమావేశంలో పేరు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మొదటి పేరు నాదే వ్రాసుకోండి.