డాక్టరు చేతిలో మైకు

మాది వ్యవసాయ కుటుంబం. పురుగుమందు ఎంత కలపాలో డబ్బా మీద రాసే ఉంటుంది గాని, ఆ భాష మా తాతయ్యకు కొరుకుడు పడేది కాదు. అదే సంగతి సాయంత్రం రేడియోలో మామూలు మాటల్లో చెప్తే ఇట్టే పట్టేసేవాడు. తెలిసినవాడు తెలియనివాడికి అర్థమయ్యేలా చెప్పడం ఎంత గొప్ప విద్యో కదా! ఆ విద్యలో ఆరితేరిన వైద్యుడు ఇంగ్లండుకు చెందిన డాక్టర్ చార్లెస్ హిల్.

ఆయన 1904 జనవరి 15న లండన్‌లో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలోను, లండన్ హాస్పిటల్లోను చదివి డాక్టరయ్యారు. 1932లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్‌లో చేరి, 1944లో దాని కార్యదర్శి అయ్యారు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయన గొంతు దేశమంతటికీ పరిచయమైంది. తిండికి రేషన్ ఉన్న రోజులవి. ఉదయం పూట బి.బి.సి. రేడియోలో అజీర్తి, మలబద్ధకం వంటి విషయాలను ఏ మొహమాటమూ లేకుండా, నవ్విస్తూ చెప్పేవారు. వైద్యుడు తన పేరు ప్రచారం చేసుకోకూడదనే నియమం వల్ల ఆయన పేరు చెప్పేవారు కారు. జనానికి ఆయన ఉత్త రేడియో డాక్టరే.

1948లో జాతీయ ఆరోగ్య సేవ వచ్చినప్పుడు వైద్యుల పక్షాన ప్రభుత్వంతో గట్టిగా పోరాడారు. 1950లో లూటన్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. 1955లో పోస్ట్‌మాస్టర్ జనరల్ అయ్యారు. అప్పట్లో రేడియో, టెలివిజన్ ఆ శాఖ కిందే ఉండేవి. ఇక్కడే ఆయన జీవితంలో ఒక మచ్చ ఉంది. పార్లమెంటులో చర్చకు రాబోయే విషయాన్ని అంతకు ముందు పద్నాలుగు రోజులపాటు రేడియోలోగాని, టెలివిజన్‌లోగాని చర్చించరాదన్న పాత కట్టుబాటును ఆయన అధికారిక ఉత్తర్వుగా మార్చారు. మైకుతో పైకొచ్చిన మనిషే మైకుకు తాళం వేశాడన్నమాట! 1956లో సూయెజ్ సంక్షోభం వచ్చినప్పుడు, దేశమంతా మాట్లాడుకునే సంగతిని టెలివిజన్ చర్చించకూడదనడం ఎంత విడ్డూరమో తేలిపోయింది. ఆ డిసెంబరులోనే ఉత్తర్వును పక్కన పెట్టారు.

1962లో మంత్రి పదవి పోయింది. మరుసటి ఏడాది వాణిజ్య టెలివిజన్‌ను పర్యవేక్షించే సంస్థకు అధ్యక్షుడయ్యారు. ఆయన హయాంలోనే, 1967 జూలై 3న, రాత్రి పదింటికి అరగంట వార్తలు మొదలయ్యాయి. అదే ఏడాది ప్రధాని విల్సన్ ఆయన్ను బి.బి.సి. అధ్యక్షుడిగా పంపారు. తమను అదుపులో పెట్టడానికే వచ్చాడని అక్కడి ఉద్యోగులు బెంగపడ్డారు.

అయితే జరిగింది వేరు. 1972 జనవరిలో ఉత్తర ఐర్లాండ్ సమస్యపై బి.బి.సి. ఒక చర్చా కార్యక్రమం తలపెట్టింది. వద్దని హోంమంత్రి మాడ్లింగ్ గట్టిగా ఒత్తిడి తెచ్చారు. హిల్ తలవంచలేదు. కార్యక్రమం ప్రసారమైంది. ఆ సంవత్సరమే పదవీ విరమణ చేశారు. 1989 ఆగస్టు 22న కన్నుమూశారు.

మిత్రులారా! హిల్ మచ్చలేని మనిషేమీ కాదు. కాని తాను ఒకప్పుడు వేసిన తాళాన్ని మరొకరు వేయబోతే అడ్డుకున్నారు. రోగికి జబ్బు సంగతి దాచకూడదు, ప్రజకు దేశం సంగతి దాచకూడదు. సైన్సు చదివే మనం నేర్చింది నలుగురికీ తెలిసే మాటల్లో చెప్పగలగాలి. చెప్పేవాడి నోరు ఎవరైనా నొక్కితే అడ్డుపడనూ గలగాలి.