అస్థిపంజరం మీద సిలువ

విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకునే మనమే, ఇంట్లో జబ్బుపడిన పెద్దల దగ్గర ఎవరైనా చావు మాట ఎత్తితే అపశకునమని నోరు మూయిస్తాం. ఆ మాటను గుడి గోడమీదే చిత్రించిన ఒక యువకుని గురించి ఈ వారం మీకు చెప్పాలి.

అతడు 1401 డిసెంబరు 21న, ఇటలీలో ఫ్లోరెన్సుకు దగ్గరి చిన్న ఊరిలో పుట్టాడు. ఆనాడు అది పునీత తోమాసువారి పండుగ గనుక తొమ్మాసో అని పేరు పెట్టారు. (మన భారతదేశ అపోస్తలుడైన తోమాసుగారే. ఇప్పుడు మనం ఆ పండుగను జూలై 3న చేసుకుంటున్నాం.) ఒంటిమీది బట్టల ధ్యాసగాని, డబ్బు ధ్యాసగాని లేనివాడు గనుక మసాచ్చో అనే మారుపేరు వచ్చిందంటారు. 1406లో తండ్రి పోయాడు. అదే ఏడు తమ్ముడు పుడితే తండ్రి పేరే పెట్టుకున్నారు. చావు, పుట్టుక ఒకే గడప దాటి రావడం ఆ పిల్లవాడు చిన్ననాడే చూశాడన్నమాట.

1422లో ఫ్లోరెన్సు చిత్రకారుడుగా నమోదయ్యాడు. కార్మెలు సభవారి గుడిలో, ఏదెను నుండి వెళ్ళగొట్టబడిన ఆదాము ఏవలను గీశాడు. ఆ ఏవ తెరచిన నోరు చూస్తే ఏడుపు వినిపిస్తుందా అనిపిస్తుంది.

అయితే మీరు తెలుసుకోవలసింది, దొమినికన్ సభవారి శాంతా మరియ నొవెల్లా గుడిలో అతడు సుమారు 1427లో ముగించిన త్రిత్వ చిత్రం. తండ్రియైన దేవుడు నిలబడి కుమారుని సిలువను చేతులతో పట్టుకొని ఉంటాడు. ఇద్దరి నడుమ తెల్లని పావురం. తొందరపడి చూసేవారు దానిని అంగీ మెడపట్టీ అనుకుంటారు! సిలువ క్రింద మరియమాత మనవైపు చూస్తూ, చేతితో కుమారుని చూపుతుంది. వీరందరికీ దిగువన ఒక సమాధి, దానిమీద అస్థిపంజరం. దానిపై రాసిన మాటలు మనకూ అదే గతి అని చెబుతాయి. అది ఆదాము ఎముకలేనని కొందరు పండితుల తలంపు. ఆదామును కల్వరిలోనే పాతిపెట్టారన్నది ప్రాచీన క్రైస్తవుల నమ్మిక.

1428లో మసాచ్చో రోములో మరణించాడు. 27 ఏళ్ళు నిండలేదు.

1570లో వసారి ఆ చిత్రం ముందు కొత్త బలిపీఠం కట్టించి దానిని కప్పివేశాడు. మసాచ్చోను తన పుస్తకంలో మెచ్చుకున్నవాడే సుమా! చెరపలేదు, అంతవరకు మేలు. 1860 ప్రాంతంలో పైభాగం బయటపడితే వేరొక గోడకు తరలించారు. అస్థిపంజరం మాత్రం పాతచోటనే మరుగున ఉండిపోయింది. క్రింది ఎముకలు లేని ఆ సిలువ నా దృష్టిలో సగం చిత్రమే, సిలువ లేని ఎముకలైతే వట్టి భయమే. 1952లో దానిని కనుగొని, రెండింటినీ మరల కలిపారు. ఇప్పుడు అక్కడ నిలబడిన మనిషి కళ్ళకు సూటిగా ఉండేది సిలువ పీఠం. చూపు దించితే ఎముకలు, ఎత్తితే ప్రభువు.