ఏడాదిపాటు మాంసం, కొవ్వుతోనే

కొబ్బరినూనె పరగడుపున తాగాలా, భోజనంతోనా, రాత్రి పడుకోబోయే ముందా? మా ఓపీలో ఈ ప్రశ్న ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. కొన్నేళ్ల కిందట మన రెండు రాష్ట్రాల్లో కొవ్వు ఆహారం గాలి గట్టిగా వీచింది. ఆ గాలి తగ్గినా, ఒంట్లో కీటోన్లు పుట్టాలంటే కొవ్వు ఏ వేళకు తీసుకోవాలన్న అనుమానం మాత్రం చాలామందికి మిగిలిపోయింది. దానికి జవాబు చెప్పేటప్పుడల్లా నాకు విల్హ్యాల్‌మర్ స్టెఫాన్సన్ గుర్తొస్తాడు. ఆయన డాక్టరు కాదు. మంచు సముద్రాల మీద తిరిగిన అన్వేషకుడు.

1879లో కెనడాలోని మానిటోబాలో, ఐస్‌లాండ్ నుంచి వలస వచ్చిన రైతు కుటుంబంలో పుట్టాడు. పసితనంలోనే ఆ కుటుంబం అమెరికాలోని డకోటాకు మారింది. చదువులో చురుకే కానీ మాట వినే రకం కాదు. నార్త్ డకోటా విశ్వవిద్యాలయం నుంచి బయటికి పంపేశారు. అయోవాలో డిగ్రీ పూర్తి చేసి, హార్వర్డ్‌లో మానవశాస్త్రం వైపు వెళ్లాడు.

1906లో ఒక యాత్రా బృందంతో ఆర్కిటిక్‌కు బయల్దేరాడు. అనుకున్న చోట ఓడ అందలేదు. ఆ చలికాలమంతా మెకంజీ నది ముఖద్వారం దగ్గర ఇన్యూట్ కుటుంబాలతో ఉండిపోవాల్సి వచ్చింది. వాళ్ల తిండి చేపలు. ఉప్పు లేదు, రొట్టె లేదు, కూరగాయ మొక్క మొలిచే నేలే కాదు. చిన్నప్పటి నుంచీ చేప అంటే మొహం తిప్పుకునే మనిషి మొదట్లో నానా అవస్థ పడ్డాడు. కొన్ని నెలలకు గడ్డకట్టిన పచ్చి చేపను కూడా ఇష్టంగా తినసాగాడు. తర్వాతి యాత్రల్లో సీల్, కారిబూ దుప్పి వేటాడుకుంటూ ఏళ్లు గడిపాడు. అన్నీ కలిపితే మాంసం, కొవ్వు మీదే బతికిన కాలం చాలా ఏళ్లు. ఇన్యూట్ల దగ్గర నేర్చుకున్న ఒక సంగతి ఆయన ఎప్పటికీ మరిచిపోలేదు. కొవ్వు లేని మాంసం ఎంత తిన్నా మనిషి నీరసించి విరేచనాలతో పడిపోతాడు. కుందేళ్ల మాంసం తప్ప మరేమీ దొరకని చోట వచ్చే ఈ జబ్బు ఉత్తరాది వేటగాళ్లందరికీ తెలిసిందే.

పేరుతో పాటు మచ్చ కూడా వచ్చింది. 1913లో మొదలైన కెనడా ఆర్కిటిక్ యాత్రకు ఆయనే నాయకుడు. వేటకని ఆయన ఓడ దిగి వెళ్లాక ‘కార్లుక్’ మంచులో చిక్కుకుని కొట్టుకుపోయింది. 1914 జనవరిలో మునిగింది. 11 మంది చనిపోయారు. ఆయన మాత్రం 1918 దాకా ఉత్తరానే తిరిగి, పటాల్లో లేని దీవులు కనిపెట్టాడు. 1921లో ఆయన ప్రోద్బలంతో రాంగెల్ దీవికి వెళ్లిన నలుగురు యువకులూ తిరిగి రాలేదు. తన అనుభవాన్ని అందరికీ సరిపోయే సూత్రంగా భావించడం ఆయనలోని పెద్ద లోపమని నాకనిపిస్తుంది.

తిరిగొచ్చాక మాంసంతోనే ఆరోగ్యంగా బతకొచ్చని చెబితే వైద్యులు నమ్మలేదు. దాంతో 1928లో ఆయన, యాత్రల్లో తోడున్న కార్స్టెన్ ఆండర్సన్ న్యూయార్క్‌లోని బెలెవ్యూ ఆస్పత్రిలో చేరారు. పర్యవేక్షణ యూజీన్ డుబాయిస్ బృందానిది. ఖర్చులో కొంత మాంసం వ్యాపారుల సంఘం పెట్టుకుందన్నదీ గుర్తుంచుకోవాలి. మొదట్లో వార్డులో కాపలా మధ్య, తర్వాత బయట, మొత్తం మీద ఏడాది ప్రయోగం. గొడ్డు మాంసం, గొర్రె, పంది, కోడి, కాలేయం, మెదడు, మూలుగ తిన్నారు. శక్తిలో ముప్పాతిక వంతుకు పైగా కొవ్వు నుంచే. పిండిపదార్థం రోజుకు 7 నుంచి 12 గ్రాములే. అంటే మనం తినే ఒక్క ఇడ్లీలో ఉన్నంత.

స్టెఫాన్సన్‌కు మొదట కొవ్వు తీసేసిన మాంసం పెట్టి చూశారు. రెండు మూడు రోజుల్లోనే వికారం, విరేచనాలు. కొవ్వు కలపగానే తేరుకున్నాడు. ఇన్యూట్ల మాట ఆస్పత్రి గదిలో రుజువైంది. మాంసం తిన్నన్నాళ్లూ ఇద్దరి మూత్రంలోనూ కీటోన్లు కనిపించాయి, రోజుకు 0.4 నుంచి 7.2 గ్రాముల వరకు. మొదటి వారంలో బరువు తగ్గింది కానీ అది నీటి బరువు. ఆ తర్వాత దాదాపు నిలకడగా ఉంది. కిడ్నీలు దెబ్బతిన్న ఆనవాళ్లు లేవు. ఫలితాలు 1930లో అచ్చయ్యాయి. అయితే పరీక్షకు నిలబడింది ఇద్దరే మనుషులు. వాళ్లిద్దరికీ అప్పటికే ఆ తిండి అలవాటు.

ఇక వేళ సంగతి. వాళ్లు కొవ్వును ఫలానా గంటకని తినలేదు. అయినా కీటోన్లు ఎందుకొచ్చాయి? పిండిపదార్థం లేదు కాబట్టి ఇన్సులిన్ తక్కువగా ఉండేది. అప్పుడే కాలేయం కొవ్వును కీటోన్లుగా మారుస్తుంది. పళ్లెం నిండా అన్నం తిని పైన రెండు చెంచాల నూనె తాగితే ఇన్సులిన్ ఆ పనిని ఆపేస్తుంది. నూనె కీటోన్లవదు, కేలరీలవుతుంది. టేబుల్ స్పూనుకు సుమారు 120.

కొంత తేడా ఉన్నది ఎంసీటీ నూనెతో. దాని కొవ్వు అణువులు పొట్టివి. పేగుల నుంచి నేరుగా కాలేయానికి చేరి త్వరగా కీటోన్లవుతాయి. రాత్రంతా ఏమీ తినని కడుపున తీసుకుంటే ఎక్కువ, అన్నంతో కలిపితే తక్కువ. ఆ పెరుగుదలైనా కొద్దిపాటిదే, కొన్ని గంటలే. ఎక్కువైతే కడుపునొప్పి, విరేచనాలు. మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లలకు 1971 నుంచి ఈ నూనెతో ఆహార చికిత్స ఉంది. అక్కడ మాత్రం దాన్ని ప్రతి భోజనంలో కొంచెం కొంచెంగా పంచుతారు. మిగతా తిండిలో పిండిపదార్థాన్ని కొలిచి తగ్గిస్తారు కనుక అది పనిచేస్తుంది. మామూలు కొబ్బరినూనెలో అలాంటి పొట్టి అణువులు తక్కువ, దాదాపు సగం లారిక్ ఆమ్లమే. నెయ్యిలో ఇంకా తక్కువ.

ఇంకో మాట తప్పక చెప్పాలి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు వాడుతూ అన్నం పూర్తిగా మానేసి కొవ్వు మీద పడితే, షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోన్లు ప్రమాదస్థాయికి చేరవచ్చు. వాంతులు, ఆయాసంతో వచ్చిన అలాంటి మనిషిని గ్లూకోమీటర్ అంకె చూసి ఇంటికి పంపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. టైప్-1 మధుమేహం ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ ప్రయోగాల జోలికి పోకూడదు.

స్టెఫాన్సన్‌కు తెలియని సంగతి ఒకటుంది. కీటోన్ల తయారీని తగ్గించే జన్యుమార్పు ఇన్యూట్లలో చాలామందికి ఉందని ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు తేలింది. ఆయన, వాళ్లు ఒకే తిండి తిన్నా ఒంట్లో జరిగింది ఒకటే కాకపోవచ్చు.

ఊళ్లో స్థిరపడ్డాక ఆయన కూడా అందరిలాగే రొట్టె, తీపి తిన్నాడు. 1941లో ఎవెలిన్‌ను పెళ్లాడాడు. 1952లో స్వల్పంగా పక్షవాతం వచ్చింది. ఆ తర్వాత బరువు తగ్గాలని మళ్లీ మాంసం, కొవ్వుకే తిరిగాడు. ఆ విషయం మీద 1956లో పుస్తకం కూడా రాశాడు. 1962 ఆగస్టులో, 82 ఏళ్ల వయసులో, న్యూహాంప్‌షైర్‌లోని హానోవర్‌లో కన్నుమూశాడు. ప్రాణం తీసింది మళ్లీ పక్షవాతమే. ఆయన సేకరించిన ధ్రువప్రాంతపు పుస్తకాలు, కాగితాలు ఆ ఊరి డార్ట్‌మత్ కాలేజీలో ఇప్పటికీ ఉన్నాయి.