ఫక్రుల్ ముల్క్

నవాబు ఫక్రుల్ ముల్క్ బహాదూర్ హైదరాబాదు సంస్థానానికి చెందిన ప్రముఖుడు, మంత్రి. సఫ్దర్ జంగ్, ముషీరుద్దౌలా అనేవి ఈయనకు నిజాము ప్రభుత్వం ఇచ్చిన బిరుదులు. పంజగుట్టలోని ఇర్రం మంజిల్ భవన నిర్మాతగా ఈయన నేటికీ గుర్తున్నాడు.

పదవులు

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పాలనలో (1869-1911) ఫక్రుల్ ముల్క్ ఉన్నత పదవులు నిర్వహించాడు. ప్రధానమంత్రిని మదారుల్ మహాం అనీ, శాఖలు చూసే మంత్రులను మొయినుల్ మహాం అనీ పిలిచేవారు. ఈయన మొయినుల్ మహాంగా న్యాయ, పోలీసు, విద్యా శాఖలు చూశాడు. విందులు, పోలో ఆటల వల్ల కూడా ఈయన పేరు నగరంలో బాగా వినిపించేది.

ఇర్రం మంజిల్

19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో, హుస్సేన్ సాగర్ కనిపించే ఒక గుట్టపై ఈ భవనాన్ని నిర్మించారు. ఆనాటికి ఈ ప్రాంతం నగరానికి వెలుపల ఉండేది. భవనంలో 150కి పైగా గదులు ఉన్నాయి. గోడలపై ఐరోపా పద్ధతి గచ్చు నగిషీ కనిపిస్తుంది. ఆవరణలో పోలో మైదానం, గోల్ఫు మైదానం, గుర్రపుశాలలు, పాడిపశువుల శాల ఉండేవి. ఫలక్‌నుమా నిర్మాత వికారుల్ ఉమ్రాతో ఎత్తు విషయమై వేసుకున్న పందెం ఈ నిర్మాణానికి కారణమని ఒక కథ ప్రచారంలో ఉంది. పందెం మాట ఎలా ఉన్నా, గుట్టను ఎంచుకోవడంలో పోటీ మనస్తత్వం కొంత కనిపిస్తుంది.

పారశీకంలో ఇరం అంటే స్వర్గతుల్యమైన తోట. తెలుగువారి నోట అది గుట్ట రంగుతో, భవనానికి వేసిన ఎర్ర రంగుతో కలిసి ఎర్రమంజిల్ అయింది. 2018 సెప్టెంబరులో మొదలైన మెట్రో స్టేషనుకు కూడా ఎర్రమంజిల్ పేరే పెట్టారు.

నవాబు తరువాత

నవాబు మరణానంతరం వారసుల నుండి భవనం ప్రభుత్వానికి చేరింది. మొదట ప్రభుత్వ దస్తావేజులను ఇందులో భద్రపరిచారు. తరువాత ఇంజనీరింగు శాఖల కార్యాలయాలు వచ్చాయి. విందుశాలలు కార్యాలయ గదులుగా మారడం సులభమే అయింది. మందమైన గోడలు, ఎత్తైన కప్పు, పొడవైన వసారాలు ఒకే అవసరానికి కట్టుబడినవి కావు. సమీపంలోని బేగంపేటలో వికారుల్ ఉమ్రా కట్టించిన పైగా ప్యాలెస్ కూడా ప్రభుత్వ కార్యాలయంగా ఉండి, 2008 నుండి 2023 వరకు అమెరికా కాన్సులేటుగా పనిచేసింది. 2010లో ఫలక్‌నుమా హోటలు అయింది.

పర్యావరణ దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. ఒక భవనం జీవితచక్రంలో రాయి తవ్వడం, ఇటుక కాల్చడం, సామగ్రి మోయడం వంటి వాటికి అయ్యే ఇంధనం మొదటే ఖర్చైపోతుంది. భవనం వాడుకలో ఉన్నంతకాలం ఆ ఖర్చు మళ్ళీ పెట్టనక్కరలేదు. కూల్చి కొత్తది కడితే మళ్ళీ సిమెంటు, ఉక్కు కావాలి. ఒక టన్ను సిమెంటు తయారీలో అర టన్నుకు పైగా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. సున్నం కాల్చినప్పుడు కూడా ఈ వాయువు వస్తుంది, అయితే సున్నం గట్టిపడేటప్పుడు అందులో కొంత తిరిగి పీల్చుకుంటుంది. డంగుసున్నంతో కట్టిన గోడ నుండి ఇటుకను చెడకుండా విడదీసి తిరిగి వాడవచ్చు. సిమెంటు గోడ ఇటుక చాలావరకు విరిగి శిథిలమవుతుంది.

2019 వివాదం

2019 జూన్‌లో తెలంగాణ మంత్రివర్గం ఇర్రం మంజిల్‌ను తొలగించి ఆ స్థలంలో కొత్త శాసనసభ కట్టాలని నిర్ణయించింది. జూన్ 27న శంకుస్థాపన జరిగింది. నవాబు వారసులు, మరికొందరు హైకోర్టును ఆశ్రయించారు. పాత భవనం శాసనసభకు సరిపోదన్నది ప్రభుత్వ వాదన. ఇది హుడా వారసత్వ కట్టడాల జాబితాలో చేరినదని పిటిషనర్లు వాదించారు. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది. తీర్పు ప్రధానంగా పట్టణ ప్రణాళికా నిబంధనలపై, తీసుకోవలసిన ముందస్తు అనుమతులపై ఆధారపడింది. సామగ్రి, ఇంధనం లెక్కలు అక్కడ ముఖ్యాంశం కాలేదు.

శాసనసభ పబ్లిక్ గార్డెన్స్‌లోనే కొనసాగింది. ఆ పాత భవనం కూడా 1913లో టౌన్‌హాలుగా పూర్తయినదే.