మూడోసారి పాసైన మహా శాస్త్రవేత్త



మార్కులు తగ్గాయని పిల్లల్ని కోప్పడే ముందు యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఒక్కసారి తలచుకోండి. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆయన సోదరులిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు కొద్దిరోజుల తేడాతో బలి తీసుకుంది.

అమెరికా చేరి, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి శరీరంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1945లో లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూకు అది మందయింది. గర్భిణులకు డాక్టర్లు నేటికీ రాసే మాత్ర అదే. 1948లో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

ఈ నెల ప్రోగ్రెస్ రిపోర్టుపై సంతకం చేసేటప్పుడు, మీ పిల్లలు ఏం తెలుసుకోవాలని ఆరాటపడుతున్నారో కూడా అడగండి.