ఇంజినీరింగ్ డ్రాయింగ్ వెనక ఉన్న మనిషి: గాస్పార్ మోంజ్

ఇంట్లో ఇంజినీరింగ్ ఫస్టియర్ చదివే పిల్లలుంటే డ్రాయింగ్ షీట్లు, మినీ డ్రాఫ్టర్ సంగతి అందరికీ తెలిసిందే. ఒక వస్తువు ఎదురుగా చూస్తే ఎలా ఉంటుందో, పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒకే కాగితం మీద గీయాలి. ఒక్క గీత తప్పితే మళ్లీ మొదటికే. ఈ పద్ధతిని శాస్త్రంగా నిలబెట్టిన వ్యక్తి ఫ్రాన్స్‌కు చెందిన గణిత శాస్త్రవేత్త గాస్పార్ మోంజ్.

మోంజ్ 1746లో బోన్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి చిరు వ్యాపారి. డబ్బు పెద్దగా లేకపోయినా కొడుకుల తాలీమ్ విషయంలో మాత్రం వెనక్కి తగ్గలేదు. 18 ఏళ్ల వయసులో మోంజ్ తమ ఊరి మ్యాప్ పెద్ద సైజులో గీశారు. అది చూసిన ఒక సైనిక అధికారి మెజియేర్‌లోని మిలిటరీ ఇంజినీరింగ్ స్కూలుకు సిఫారసు చేశారు.

అసలు ఇబ్బంది అక్కడే మొదలైంది. ఆ స్కూల్లో ఆఫీసర్ కావాలంటే పెద్ద ఖాన్‌దాన్‌లో పుట్టి ఉండాలి. మోంజ్‌కు తెలివి ఉంది, వంశం లేదు. అందుకే ప్లాన్లు గీసే, నమూనాలు తయారుచేసే పనిలో పెట్టారు.

ఒకసారి కోట ప్లాన్ పని అప్పజెప్పారు. శత్రువు గుళ్లు లోపలివాళ్లకు తగలకుండా గోడలు ఎలా కట్టాలో తేల్చాలి. మామూలుగా దీనికి బోలెడన్ని లెక్కలు వేయాలి. మోంజ్ గీతలతోనే తేల్చేశారు. ఇంత తొందరగా ఎలా అవుతుందని పైఅధికారి మొదట దాన్ని చూడ్డానికే ఒప్పుకోలేదు. చూశాక మాత్రం దాన్ని సైనిక రహస్యం చేసేశారు. ఏళ్ల తరబడి బయటికి చెప్పనివ్వలేదు. ఆఫీసర్ సీటుకు పనికిరాడన్న ఆ స్కూల్లోనే 1769లో మోంజ్ గణిత ప్రొఫెసర్ అయ్యారు.

పరిశోధన కూడా ఆగలేదు. వంపు తిరిగిన ఉపరితలాల మీద, అవకలన సమీకరణాల మీద ముఖ్యమైన పని చేశారు. 1781 నాటి ఒక వ్యాసంలో ఇంకో ప్రశ్న వేశారు: మట్టిని కుప్పల నుంచి గుంతలకు తరలించాలంటే అతి తక్కువ ఖర్చుతో ఎలా? కామర్స్, ఎంబీఏ వాళ్లు చదివే ట్రాన్స్‌పోర్టేషన్ ప్రాబ్లమ్‌కు మూలం ఇక్కడ కనిపిస్తుంది. 20వ శతాబ్దంలో ఇదే దారిలో పనిచేసిన రష్యన్ గణితవేత్త కాంటొరోవిచ్‌కు 1975లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. మోంజ్ దాని పక్షాన నిలిచి కొన్నాళ్లు నౌకాదళ మంత్రిగా చేశారు, ఫిరంగుల తయారీ మీద పుస్తకం రాశారు. 1794లో మొదలైన కొత్త ఇంజినీరింగ్ స్కూలు స్థాపకుల్లో ఆయన ముఖ్యులు. మరుసటి ఏడాది దాని పేరు ఎకోల్ పాలిటెక్నిక్ అయింది. అక్కడ సీటుకు వంశం అడగలేదు, పరీక్ష పెట్టారు. చదువుకునే పిల్లలకే డబ్బులిచ్చారు. ఒకప్పుడు రహస్యంగా దాచిన ఆ డ్రాయింగ్ విద్య ఇప్పుడు క్లాసులో పాఠం అయింది. 1799లో పుస్తకంగా కూడా వచ్చింది.

ఆయన జీవితంలో మనం మరిచిపోకూడని ఇంకో పేజీ ఉంది. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీద దండెత్తినప్పుడు మోంజ్ వెంట వెళ్లారు. కైరోలో పెట్టిన పరిశోధన సంస్థకు మొదటి అధ్యక్షులయ్యారు. ఎండమావులు ఎలా ఏర్పడతాయో వివరించారు. అదే ఏడాది అక్టోబర్‌లో కైరో ప్రజలు తిరగబడితే, ఫ్రెంచి సైన్యం అల్ అజ్‌హర్ మీద ఫిరంగులు పేల్చింది. సైన్యం వెంట వచ్చిన విజ్ఞానానికి ఆ రెండు ముఖాలూ ఉన్నాయి.

నెపోలియన్ చక్రవర్తి అయ్యాక పాలిటెక్నిక్‌ను సైనిక స్కూలుగా మార్చి, ఫీజులు కూడా పెట్టారు. పరీక్ష పాసైనా పేద ఇంటి పిల్లలకు దారి మళ్లీ ఇరుకైంది. నెపోలియన్ ఓడిపోయాక 1816లో కొత్త ప్రభుత్వం మోంజ్‌ను సైన్స్ అకాడమీ నుంచి తీసేసింది. 1818 జూలై 28న ఆయన కన్నుమూశారు. అంత్యక్రియలకు వెళ్లడానికి పాలిటెక్నిక్ విద్యార్థులకు అనుమతి ఇవ్వలేదు. తర్వాత సెలవు దొరికాక వాళ్లే సమాధి దగ్గరికి వెళ్లి పూలు పెట్టి వచ్చారు. 1989లో ఆయన అవశేషాలను పారిస్‌లోని పాంథియన్‌కు చేర్చారు.

ఈ ఏడాది కూడా మన పిల్లలు ఎంట్రన్స్ రాస్తారు, ర్యాంకులు తెచ్చుకుంటారు. ర్యాంకు వచ్చాక ఫీజు దగ్గర ఆగిపోయేవాళ్లు మన బస్తీల్లో ఎంతమంది ఉన్నారో ఒకసారి కనుక్కుందాం.