మూసారాంబాగ్ మూసా ఎవరు?

మన జగిత్యాల ఖిల్లాను 1747లో జఫరుద్దౌలా కోసం ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారని మనందరికీ తెలిసిందే. వాళ్ల పేర్ల మీదే ఊరి పేరు వచ్చిందని కూడా చెప్పుకుంటాం. అది ఎంత నిజమో గాని, ఆ కాలంలో ఫ్రెంచివాళ్లు ఈ గడ్డ మీద బాగానే తిరిగారు. వాళ్లలో ఒకాయన పేరు హైదరాబాదులో ఒక బస్తీకే నిలిచిపోయింది. మన పిల్లలు చదువుల కోసం పోయి దిల్‌సుఖ్‌నగర్ దిక్కు గదులు కిరాయికి తీసుకొని ఉంటారు గదా, దాని పక్కనే ఉన్న మూసారాంబాగ్ అది.

ఆయన పేరు మిషెల్ జోయాకిం రేమండ్. 1755లో ఫ్రాన్సు దేశం గాస్కనీ ప్రాంతంలో ఒక వర్తకుని ఇంట పుట్టాడు. ఇరవై ఏండ్ల వయసులో, 1775లో, వ్యాపారం చేసుకుందామని పుదుచ్చేరికి వచ్చాడు. వ్యాపారం ఏమైందో గాని, చేతికి తుపాకి వచ్చింది. కొంతకాలం మైసూరు హైదరలీ కొలువులో, తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ వద్ద పనిచేశాడు. బుస్సీ 1785లో చనిపోగా, మరుసటి ఏడు నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు.

చేరినప్పుడు ఆయన వెంట మూడు వందల మంది సిపాయిలు. పదేండ్లు తిరిగేసరికి ఆ పల్టన్ 10,000 దాటింది. ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. గన్‌ఫౌండ్రీ, తోప్‌కా సాంచా అని ఇవాళ పిలిచే చోటు అదే. 1795లో ఖర్దా దగ్గర మరాఠాలతో యుద్ధంలో నిజాం ఓడిపోయాడు గాని, రేమండ్ దళం గట్టిగానే నిలబడింది. అదే ఏడు నిజాం కొడుకు అలీజా తిరుగుబాటు చేస్తే దాన్ని అణచింది కూడా ఈయనే. అజ్దర్ జంగ్ అనే బిరుదు వచ్చింది.

జీతానికి యుద్ధం చేసే మనిషే, అందులో దాపరికం లేదు. ఫ్రాన్సు మీద అభిమానమూ వదులుకోలేదు. అందుకే ఇంగ్లీషువాళ్లకు ఆయన కంటిలో నలుసయ్యాడు. మరి జనం ఎందుకంత ప్రేమించారు? సిపాయిల కష్టసుఖాలు చూసుకునేవాడని, చేయి పెద్దదని పెద్దలు చెప్పుకునేవారు. మాకు మాత్రం ఆ పేరే అన్నిటికన్నా పెద్ద సాక్ష్యంగా తోస్తుంది. ఫ్రెంచివాళ్ల ‘మొస్యే’ మన నోట మూసా అయింది. రేమండ్‌ను ముస్లింలు రహీం అన్నారు, హిందువులు రాం అన్నారు. పుట్టుకకు క్రైస్తవుడు. ఒకే మనిషిని ఎవరికి వారు తమవాడే అనుకున్నారు, ఎవరూ పేచీ పెట్టలేదు.

1798 మార్చి 25న, 42 ఏండ్లకే, హఠాత్తుగా చనిపోయాడు. విషం పెట్టారని అప్పట్లో అనుమానం పుట్టింది, రుజువు లేదు. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువాళ్లతో ఒడంబడిక చేసుకున్నాడు. అక్టోబరు 22న ఫ్రెంచి పల్టన్ ఆయుధాలు లాగేసుకున్నారు. జీతాల బకాయిల కోసం సిపాయిలు తమ దొరల మీదే తిరగబడి ఉన్నారు. రక్తం చిందకుండానే అంతా ముగిసింది.

పల్టన్ పోయినా సమాధి మిగిలింది. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద, ఏడు మీటర్ల ఎత్తున కోసుగా లేచిన నల్లరాయి. దాని మీద జె, ఆర్ అనే రెండక్షరాలు. వర్ధంతి నాడు ఉర్సు జరిగేది, రెండు మతాల వాళ్లూ దీపాలు పెట్టేవారు. గత శతాబ్దంలో అది ఆగిపోయింది. పక్కనున్న స్తంభాల మంటపం వానలకు కూలితే మళ్లీ నిలబెట్టారు.

2018 నుంచి మెట్రో రైలు స్టేషనుకూ ఆ పేరే ఉంది. మలక్‌పేట దాటినాక, దిల్‌సుఖ్‌నగర్‌కు ముందు వస్తుంది. ఈసారి పిల్లల్ని చూడ్డానికి పోయినప్పుడు అక్కడ దిగి, ఆ గుట్ట ఎక్కి రండి.